అవతలాయన శుక్రవారం దాకా ఆగలేదు

ఆమెను ఆ వీధిలో అందరూ ఫోనక్క అంటారు. ఫోన్లు అమ్మినందుకు కాదు, ఫోనులో గంటల తరబడి కబుర్లు చెప్పినందుకూ కాదు. వయసులో సగభాగం ఒక కంపెనీ గుమ్మం పక్కన కూర్చుని, మోగిన ప్రతి ఫోనునూ ఎత్తి, అడిగినవారిని అడిగినచోటికి కలిపినందుకు. ఇప్పుడా పని లేదు. పని పోయినా పేరు పోలేదు. పేర్లకు పదవీ విరమణ ఉండదు కదా.

ఆ కంపెనీ పుట్టింది బ్యాటరీల దుకాణం మీద ఉన్న రెండు గదుల్లో. ఆసుపత్రుల్లో పరీక్షలు చేసే యంత్రాలకు అమర్చే చిప్‌లు తయారుచేసేవారు. మనుషులు మొత్తం అయిదుగురు: కంపెనీ పెట్టిన పెద్దసారు, ఆయనతో చదువుకున్న ఇద్దరు ఇంజనీర్లు, లెక్కలు చూసే ఆయన, ఫోనక్క. అయితే బయటినుంచి ఫోను చేసేవారికి మాత్రం అదొక మహాసంస్థ. "అకౌంట్సుకు కలుపుతున్నాను, లైన్లో ఉండండి" అని సన్నని గొంతుతో చెప్పి, రిసీవరును ఒళ్ళో పెట్టుకుని, కాసేపు కిటికీలోంచి వీధిని చూసి, ఆ తర్వాత బొంగురు గొంతుతో "అకౌంట్స్" అనేది. స్టోర్సుకైతే ముక్కుతో మాట్లాడేది. ఒక పాత ఖాతాదారు ఓసారి ఉండబట్టలేక సన్నగొంతునే అడిగాడు: "ఏమనుకోకమ్మా, మీ స్టోర్సులో ఉండే ఆవిడకు ఆ జలుబు ఎప్పటికీ తగ్గదా?"

"మందులు వాడుతోందండీ," అంది ఫోనక్క.

జీతాలు ఇవ్వలేని ఏడాది ఒకటి వచ్చింది. పెద్దసారు అందరినీ పిలిచి, జీతానికి బదులు కంపెనీ షేర్లు రాసిస్తానన్నాడు. లెక్కలాయన నేల చూపులు చూశాడు. ఫోనక్క మాత్రం, "వాటిని వండుకుంటారా, కట్టుకుంటారా?" అని అడిగింది.

"దాచుకుంటారమ్మా," అన్నాడాయన.

దాచుకుంది. తర్వాత కంపెనీ పెరిగి, షేర్లు బజారులో అమ్ముడుపోయే రోజు వచ్చినప్పుడు తక్కినవారు అమ్మేసి ఒకరు ఇల్లు కట్టారు, ఒకరు కారు కొన్నారు, లెక్కలాయన పళ్ళన్నీ కట్టించుకున్నాడు. ఫోనక్క అమ్మలేదు. దీన్ని ముందుచూపు అని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు గాని, అసలు సంగతి వేరు. నమ్మి ఇచ్చినదాన్ని అమ్ముకుంటే, అవతలివారు మాట్లాడుతుండగానే ఫోను పెట్టేసినట్టు ఉంటుందని ఆమెకు అనిపించింది. అంతే.

కంపెనీ అయిదంతస్తుల భవనంలోకి మారింది. ఒకనాడు ఆమె పనికి వచ్చేసరికి స్విచ్‌బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. ఆ రోజునుంచీ ఫోను ఎత్తేది యంత్రం. విక్రయాలకు ఒకటి నొక్కండి, మరమ్మతులకు రెండు నొక్కండి అని ఊపిరైనా తీసుకోకుండా చెబుతుంది. ఫోనక్కను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. స్టోర్సులో కూర్చోమన్నారు. "నాకిప్పుడు జలుబు లేదండీ," అని చెప్పి ఇంటికి వచ్చేసింది. ఆ మాట అర్థమైనది ఒక్క పెద్దసారుకే. ఆయన నవ్వాడట, తర్వాత కాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడట.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కళ్ళజోళ్ళ దుకాణం మీదిగదిలో ఉంటుంది. తమ్ముడు అద్దాలు అరగదీసే పనిలో ఎంత నేర్పరో షేర్ల ధరలు చూడటంలోనూ అంత నేర్పరి. చూడటం వరకే. ఒక్కటీ కొనడు, ఒక్కటీ అమ్మడు. క్రికెట్ ఆడనివాడు స్కోరు అడిగినట్టు పొద్దస్తమానం ధరలు చూసుకుంటాడు. ఆప్షన్లు అమ్మడం అనే విద్యను అక్కకు నేర్పింది అతడే. ఆ రోజు అతడి భార్య కూడా అక్కడే కూర్చుని కళ్ళజోళ్ళ పెట్టెలు తుడుస్తోంది.

"నీ షేర్లు నీ దగ్గరే ఉంటాయక్కా. వాటిని ఫలానా ధరకు, ఫలానా శుక్రవారం లోగా కొనుక్కునే హక్కును మాత్రం ఇంకొకరికి అమ్ముతావు. ఆ హక్కు కోసం వాడు నీకు ముందే డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు ఏమైనా సరే నీదే."

"వాడు కొనకపోతే?"

"ధర అక్కడిదాకా పెరగకపోతే ఎందుకు కొంటాడు? హక్కు చెల్లిపోతుంది. షేర్లూ నీవే, డబ్బూ నీదే. వచ్చే నెల మళ్ళీ ఇంకొకడికి అమ్ముతావు."

మరదలు గుడ్డ పక్కన పెట్టింది. "అంటే, వదిన తన షేర్లు అమ్మనుగాక అమ్మనంటూనే, అమ్ముతానని చెప్పి నెలనెలా డబ్బు తీసుకుంటుందన్నమాట. ఇలాంటి బేరం మా పుట్టింట్లో చేస్తే కర్ర పుచ్చుకుని తరిమేవారు."

"ధర పెరిగితే ఇవ్వాల్సిందేనే! ఎంత పెరిగినా సరే, ఒప్పుకున్న ధరకే."

"మరి అది చెప్పవేం, ముందు తీపి మాటలు చెబుతావు!"

నిజానికి మరదలు పట్టుకున్న ముడే అసలు ముడి. ఆ ఒప్పందంలో క్రియ అంతా కొన్నవాడి చేతిలో ఉంటుంది. తీసుకోవడమా మానడమా అన్నది అతడి ఇష్టం. అమ్మినవారు వాక్యం ముగిసేదాకా తమ గతి ఏమిటో తెలియని కర్మపదం వంటివారు. వారికి ముట్టే సొమ్ము ఆ ఎదురుచూపుకు కూలి. ఎదురుచూడటం ఫోనక్కకు కొత్త కాదు. ఉద్యోగం పొడుగునా ఆమె చేసింది అదే, లైన్లో ఉండటం.

ఆమె ఆ పనిలోకి దిగింది. నెలకొకసారి, నెల మొదటి సోమవారం ఉదయం, తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, దుకాణం వెనకగదిలోని కంప్యూటరు ముందు కూర్చునేది. షేర్లు నూరేసి కట్టలుగా అయిదు కట్టలు. ఇప్పటి ధరకు ఎంత ఎగువన హద్దు పెట్టాలన్నదే ఆలోచన. మరీ దగ్గరగా పెడితే షేర్లు పోతాయి. మరీ దూరంగా పెడితే హక్కుకు పైసా రాలదు. ఫోనులో ఒక మనిషిని ఎంతసేపు ఆగమనవచ్చో, ఎప్పటికి ఆయన విసుగెత్తి పెట్టేస్తాడో గ్రహించినట్టే, ఆమె ఆ దూరాన్ని గ్రహించేది. అమ్మకం పూర్తికాగానే తెర వైపు చూసి, "ధన్యవాదాలండీ," అనేది. ఎవరికని తమ్ముడు అడిగితే, "అవతలాయనకు," అంది. ఫోను పనిలో పేరు తెలియని ప్రతి మనిషీ అవతలాయనే.

అలా ఏళ్ళు గడిచాయి. వచ్చినదానిలో ఇంటి ఖర్చుకని మరదలి చేతిలో పెట్టేది. మరదలు వద్దనేది, తర్వాత తీసుకునేది, తీసుకున్నాక, "మా వదిన అమ్మని ధాన్యానికి అద్దె వసూలు చేస్తుంది," అని ఇరుగుపొరుగులతో గొప్పగా చెప్పుకునేది. ధర ఎప్పుడైనా హద్దు దాటితే, ఫోనక్క గడువు శుక్రవారం ఉదయం దాకా ఆగి, అమ్మిన హక్కును తానే తిరిగి కొనేసి, వచ్చే నెలది అమ్మేది. కొంచెం చేతినుంచి పడేది. షేర్లు మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. అవతలాయన గడువు దాకా ఆగేవాడు. ఆమె మనసులో ఆయనకు ఒక రూపం కూడా ఏర్పడింది: పెద్దమనిషి, తొందరలేనివాడు, ఇచ్చిన సమయానికి ముందే వచ్చి తలుపు తట్టే అలవాటు లేనివాడు.

ఇక్కడొక మాట. యంత్రాలతో పనిచేసేవారు యంత్రాలకు మనుషుల గుణాలు అంటగడతారు. దర్జీ తన మిషనుకు అలక అంటాడు, డ్రైవరు బండికి పొగరు అంటాడు. వారికి అందువల్ల నష్టమేమీ లేదు. మిషను అలిగినా పొగరెక్కినా నూనె వేస్తారు గాని మర్యాదను ఆశించరు. ఫోనక్క ఆశించింది.

కంపెనీ వార్షిక సమావేశానికి ఆమె ఏటా వెళ్ళేది. వాటాదారు గనక కుర్చీ ఉంటుంది, టీ ఇస్తారు. ప్రశ్నలకు సమయం ఇవ్వగానే లేచి నిలబడి, "మన కంపెనీకి ఫోను చేస్తే మనిషి ఎందుకు ఎత్తరు?" అని అడిగేది. వేదిక మీద ఉన్నవారు చిరునవ్వు నవ్వి, పరిశీలిస్తామనేవారు. రెండో ఏడు కూడా అలాగే నవ్వారు. ఆ తర్వాత ఆమె లేవగానే సభలోనే నవ్వు మొదలయ్యేది.

ఆమె పట్టుదలకు మూలం ఒక మధ్యాహ్నం. ఇంకా బ్యాటరీల దుకాణం మీద ఉన్నప్పటి సంగతి. ఒక ఆసుపత్రినుంచి ఎవరో కుర్రాడు ఫోను చేసి, రోగి లోపల ఉండగానే యంత్రం ఆగిపోయిందని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఇంజనీర్లిద్దరూ లేరు. ఫోనక్కకు యంత్రం గురించి ఓనమాలు తెలియవు. "లైన్లోనే ఉండు నాయనా, పెట్టెయ్యకు," అని, కింద బ్యాటరీల దుకాణం వాడిని వీధి చివరికి పరుగెత్తించింది. మంగలి కుర్చీలోంచి లేచి, సగం మొహానికి సబ్బు నురుగుతోనే పరిగెత్తుకొచ్చిన ఇంజనీరు ఫోను అందుకుని ఏ మీట నొక్కాలో చెప్పాడు. ఆ సబ్బు రిసీవరుకు అంటి, ఎన్నాళ్ళో వాసన వచ్చింది. సబ్బు నురుగులో ఉన్న మనిషిని వెతికి తెచ్చే అంకె ఏ యంత్రం మీదా లేదని ఆమె వాదన.

ప్రశ్న అడిగితే నవ్వుతారు. తీర్మానంగా పెడితే ఓటు వేయాల్సి వస్తుందని ఎవరో చెప్పారు. రాసి పంపింది. మొదటిసారి పొడుగెక్కువని తిప్పి పంపారు, రెండోసారి ఆలస్యమైందని. మూడోసారి అంగీకరించారు. కార్యక్రమంలో ఏడో అంశం: కంపెనీకి ఫోను చేసినవారికి పనివేళల్లో మనిషి సమాధానం చెప్పవలెను. ఆ "వలెను" ఆమెదే. "చెప్పాలి" అంటే అడిగినట్టు ఉంటుందని, "చెప్పవలెను" అంటే నిలబెట్టి చెప్పినట్టు ఉంటుందని ఆమె అభిప్రాయం. షరతు ఒక్కటే. ప్రతిపాదించినవారు అంతకుముందు ఏడాది పొడుగునా, తిరిగి సమావేశం రోజు దాకా, ఎడతెగకుండా వాటాదారై ఉండాలి. ఉండకపోతే అంశం రద్దు.

"అదెంత భాగ్యం!" అంది ఫోనక్క.

సమావేశం ఆ నెల నాలుగో మంగళవారం. ఆప్షన్ల గడువు దానికి ముందరి శుక్రవారం. ఆ నెల అమ్మడం మానెయ్యమని తమ్ముడు అననే అన్నాడు. అయితే ఆ నెలలోనే కంపెనీ లాభాలు ప్రకటించాలి. ధర ఎటు దూకుతుందో తెలియని నెలల్లో హక్కుకు ఎక్కువ వస్తుంది. పైగా మొదటి సోమవారం. తల దువ్వుకుని కూర్చున్న మనిషి ఊరికే లేవలేదు. హద్దు మామూలుకన్నా బాగా ఎగువనే పెట్టి అమ్మింది. "ధన్యవాదాలండీ," అంది.

లాభాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ధర ఆ హద్దును ఆకుమీద చినుకులా తాకి ఆగలేదు, దాటి చాలా దూరం పోయింది. దానికి తోడు కంపెనీ వాటాదారులకు ఎన్నడూ లేనంత డివిడెండు పంచుతామని ప్రకటించింది. గడువు వారంలో బుధవారం సాయంత్రానికి షేర్లు ఎవరివో వారికే ఆ డివిడెండు.

సోమవారం తమ్ముడు దుకాణంలో గిరాకీని కూర్చోబెట్టి మరీ పైకొచ్చాడు.

"అక్కా, ఇవాళే ఆ హక్కు తిరిగి కొనెయ్యి."

"ఇవాళ కొంటే ఏడాది సంపాదన పోతుందిరా. శుక్రవారం చూద్దాం."

"శుక్రవారం దాకా వాడు ఆగాలి కదా! ఒప్పందంలో శుక్రవారం లోగా అని ఉంది, శుక్రవారమే అని లేదు. ఇవాళ రావచ్చు, రేపు రావచ్చు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ముందు వచ్చాడా?"

"ఇన్నేళ్ళలో ఇంత డివిడెండు ఎప్పుడైనా ఇచ్చారా?"

"అదే నేనూ చెబుతున్నది. డివిడెండు పంచేశాక గురువారం ధర అంతమేర దిగుతుంది. హక్కు కూడా చవకవుతుంది. శుక్రవారం పొద్దున్నే విడిపించుకుంటాను. మంగళవారం సభకు వెళ్తాను. నువ్వు ఊరికే కంగారు పెట్టకు."

"డబ్బు చాలకపోతే నేను సర్దుతానక్కా."

"కళ్ళజోళ్ళ డబ్బు నా ఫోన్లకెందుకురా? కింద ఆయనెవరో కంటికి అద్దం లేకుండా కూర్చున్నాడు, వెళ్ళు."

తమ్ముడు మెట్లు దిగుతూ భార్యతో, "ఈవిడతో వాదించడం కన్నా గాజును పళ్ళతో అరగదీయడం నయం," అన్నాడు.

"నీ అక్కేగా," అంది భార్య.

ఫోనక్క లెక్కలో తప్పు లేదు. గురువారం ధర దిగుతుందన్నది నిజమే. ఆమె మరిచిపోయినదల్లా, ఆ లెక్క అవతలివాడికి కూడా వస్తుందని. ఆమె ఏ దిగుదల కోసం ఆగాలనుకుందో ఆ దిగుదల లోపలే అతడికి రావలసిన డివిడెండు ఉంది. బుధవారమే షేర్లు తీసుకుంటే ఆ డివిడెండు అతడిది. ఆగితే ఆమెకు లాభం, అతడికి నష్టం. అతడు పెద్దమనిషే కావచ్చు; నష్టపోవడానికి కట్టుబడిన పెద్దమనిషి మాత్రం కాడు. లేదా, అతడు మనిషే కాకపోవచ్చు. ఏదో పెద్ద గదిలో, ఇలాంటి బుధవారాల కోసమే తయారుచేసిన మరొక యంత్రం కావచ్చు. ఆ సంగతి ఎవరికీ ఎన్నటికీ తెలియదు.

గురువారం ఉదయం ఆమె వెనకగదిలో కంప్యూటరు తెరిచింది. షేర్లు ఉండవలసిన చోట ఖాళీ ఉంది. డబ్బు ఉండే చోట, తన జీవితంలో ఎన్నడూ చూడనంత అంకె ఉంది. మధ్యలో ఒక వాక్యం: ఒప్పందం ప్రకారం మీ షేర్లు బదలాయించబడినవి.

పని జరిగింది గాని చేసినవాడు కనబడడు. కార్యాలయాలకు ఈ రకం వాక్యం మీద అంత మక్కువ ఎందుకో ఇలాంటి ఉదయాల్లోనే తెలుస్తుంది. తెలుగు మాటకు ఇది సహజంగా నప్పదు. తెలుగులో ఎవరో ఒకరు తీసుకోవాలి, ఎవరో ఒకరు ఇవ్వాలి. "బడు" చేర్చి రాసేసరికి ఎవరూ ఏమీ చేయకుండానే అంతా అయిపోతుంది.

ఫోనక్క ఆ వాక్యాన్ని పైకి చదివింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి చదివించింది. అతడు చదివి, చెప్పానా అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మరదలు తెర మీదికి వంగి అంకె చూసింది. "అమ్మో! ఇంత వచ్చిందా? మరి ఇద్దరూ ఎవరో పోయినట్టు కూర్చున్నారేం?"

"ఏడో అంశం పోయిందే," అన్నాడు భర్త.

మరదలికి ఒక్క క్షణం పట్టింది. "ఈ సంగతి వాళ్ళకు తెలుసా? సభవాళ్ళకు?"

"తెలియదు."

"మనం చెప్పకపోతే?"

ఫోనక్క లేచి, గుడ్డతో కంప్యూటరు తెర తుడిచి, పైకి వెళ్ళిపోయింది.

చెప్పకపోతే తెలియదన్నది నిజమే. ఓటు హక్కు ఎవరికన్న లెక్క అంతకు నెల ముందే తీసి ఉంచారు. ఆ ప్రకారం ఆమె కుర్చీ ఆమెకు ఉంది, ఓటు కూడా ఉంది. తీర్మానం మీద మాట్లాడే సమయంలో ఎవరూ వచ్చి షేర్లు చూపించమనరు. ఆమె రెండు రోజులుగా అద్దం ముందు చెప్పుకుంటున్న ప్రసంగం మొదటి వాక్యం ఇది: "అయ్యా, నేను ఈ కంపెనీ వాటాదారును." ఆ మధ్యాహ్నం ఆమె అద్దం ముందు నిలబడి మొదలుపెట్టి చూసింది. అక్కడే ఆగింది. సన్నగొంతుతో ప్రయత్నించింది. బొంగురుగొంతుతో ప్రయత్నించింది. అప్పట్లో లేని విభాగాలను ఉన్నట్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పుడు ఒక్కనాడూ నాలుక తడబడలేదు. అది కంపెనీ కోసం చెప్పింది. ఇది కంపెనీకే చెప్పాలి.

సాయంత్రం ఫోను చేసింది. విక్రయాలకు ఒకటి. మరమ్మతులకు రెండు. ఉద్యోగాలకు మూడు. వాటాదారులకు నాలుగు. ఆమె నాలుగు నొక్కబోయి ఆగింది. ఇప్పుడు తాను నాలుగు కిందికి రాదు. ఏదీ నొక్కకుండా ఉంటే యంత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడోసారి చెప్పాక, మీ సందేశాన్ని వదలండి అంది.

"నమస్కారమండీ," అంది ఫోనక్క. "నేను ఏడో అంశం పెట్టిన మనిషిని. నిన్నటినుంచీ నాకు మన... మీ కంపెనీలో షేర్లు లేవు. సెక్రటరీ గారికి ఈ మాట అందజెయ్యగలరు. ఉంటానండీ."

ఉంటానండీ అన్నాక కూడా, అవతలివారు ముందు పెట్టెయ్యాలని చాలాసేపు ఆగింది. యంత్రం పెట్టలేదు. చివరికి తానే పెట్టింది.

మరునాడు సెక్రటరీ ఫోను చేసింది. వయసులో చిన్నది, గొంతులో హడావిడి. "మేడమ్, మీ మెసేజ్ విన్నాను. అదేంటి, అమ్మేశారా?"

"నేను అమ్మలేదమ్మా. అమ్ముతానన్నాను. తీసుకున్నారు."

"రూలు ప్రకారం అంశం తీసెయ్యాలి మేడమ్. నిజం చెప్పాలంటే... మీరు ఫోను చెయ్యకపోతే మేమెవ్వరం చూసేవాళ్ళం కాదు."

"తెలుసమ్మా. మొదటి వాక్యం దగ్గర ఆగిపోయాను."

"ఏంటండీ?"

"ఏం లేదు. మళ్ళీ ఎప్పుడు పెట్టవచ్చు?"

"షేర్లు కొని ఏడాది నిండాకే తీర్మానం పంపాలి, అది సభకు చాలా ముందే మాకు అందాలి. అంటే వచ్చే ఏడు కూడా కుదరదు, ఆ పైయేడు."

"నువ్వే స్వయంగా ఫోను చేశావు, సంతోషం," అంది ఫోనక్క.

మంగళవారం ఆమె సభకు వెళ్ళింది. వెనక వరుసలో కూర్చుంది. ఆరో అంశం అయ్యాక అధ్యక్షుడు, "ఏడో అంశం ఉపసంహరించబడినది," అని ఎనిమిదికి పోయాడు. ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. అది ముగిసేందుకు పట్టిన సమయం టీ కప్పు కింద పెట్టినంత. తక్కిన అంశాలకు ఆమె చేయెత్తి ఓటు వేసింది. తనవి కాని షేర్లకు ఓటు వేయడం వింతగా ఉన్నా, హక్కును వృథా చేయడం ఆమెకు చేతకాదు.

బయట వరండాలో పెద్దసారు కనబడ్డాడు. ఆయనిప్పుడు ఏ పదవిలోనూ లేడు; చేతికర్ర, పెద్ద కళ్ళజోడు.

"ఏమ్మా, వెనక్కి తీసుకున్నావట?"

"నేను తీసుకోలేదండీ. నా దగ్గరున్నవి తీసుకున్నారు," అని జరిగింది చెప్పింది.

ఆయన చెవి ముందుకు పెట్టి అంతా విన్నాడు. "జీతం కింద ఇచ్చినవేనా అవి?"

"అవేనండీ."

"ఇన్నాళ్ళూ ఉంచావా! నేనే సగం అమ్ముకున్నాను." చేతికర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. "మళ్ళీ కొనుక్కో మరి."

"ఈ ధరకాండీ?"

పెద్దసారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ ధరకైతే నేను చస్తే కొనను."

ఇద్దరూ నవ్వుకున్నారు. కారు రాగానే ఆయన వెళ్ళిపోయాడు.

తమ్ముడికి మాత్రం మంచి ఉపాయం తోచింది. మరునాడు ఉదయం కంప్యూటరు ముందు అక్కను కూర్చోబెట్టి వివరించాడు. "ఇప్పుడు తిరగేసి చెయ్యాలక్కా. నీ దగ్గర డబ్బు ఉంది, షేర్లు లేవు. ధర ఫలానా చోటికి దిగితే నేను కొంటాను అని మాటిచ్చి, ఆ మాటను అమ్ము. దానికీ డబ్బిస్తారు. దిగితే చవకగా షేర్లు వస్తాయి. దిగకపోతే ఇచ్చిన డబ్బు మిగులుతుంది. రెండు విధాలా నీదే గెలుపు."

"పడేదాకా నేను ఎదురుచూస్తూ ఉండాలన్నమాట."

"ఊరికే కాదుగా. డబ్బు తీసుకుని."

ఆమె అతడు చూపిన వరుసలోని అంకెలను చూసింది. ఇన్నేళ్ళూ నెలనెలా ఆమె కోరుకున్నది ఒక్కటే: ధర పెరగాలి, మరీ పెరగకూడదు. ఆ కోరికలో కంపెనీకి కీడు లేదు. ఇప్పుడు కోరవలసింది వేరు. అయిదంతస్తుల్లో ఎక్కడో ఏదో చెడిపోవాలి, సరుకు తిరిగి రావాలి, వార్త పాకాలి. అప్పుడు తాను గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి ఉండాలి. పైగా అది ఎప్పుడు జరుగుతుందో తెలియదు. షేర్లు చేతికి వచ్చిన రోజునుంచే ఏడాది లెక్క మొదలవుతుంది.

"ఇవాళ్టి ధరకు ఎన్ని వస్తాయి?"

తమ్ముడు అదిరిపడ్డాడు. "ఇవాళ్టి ధరకా? ఆరునూరైనా కొనేవాళ్ళు కూడా కాస్త ఆగుతున్నారక్కా! నాలుగు కట్టలూ, పైన కొసరూ. ఒక కట్ట దాదాపు గాలికి పోతుంది."

"కొను."

"పోనీ, కొని వాటి మీద ఎప్పటిలా..."

"అమ్మను. సభ అయ్యేదాకా హక్కులూ లేవు, మాటలూ లేవు. ఊరికే ఉంచుతాను."

"మరి నెలనెలా రాబడి?"

"ఎదుటి వీధి పళ్ళ డాక్టరు గారికి ఫోను దగ్గర మనిషి కావాలట. నిన్న సభనుంచి వస్తూ మాట్లాడి వచ్చాను. సోమవారం రమ్మన్నాడు."

గుమ్మంలో నిలబడి వింటున్న మరదలు బుగ్గలు నొక్కుకుంది. "ఈ వయసులో ఉద్యోగమా వదినా? అంత డబ్బు పెట్టుకుని! ఎవరైనా వింటే మేము తిండి పెట్టడం లేదనుకుంటారు."

"అనుకోనీవే. పళ్ళు నొప్పిగా ఉంటే రా, ముందు వరుసలో కూర్చోబెడతాను."

తమ్ముడు నొక్కవలసిన మీటలన్నీ నొక్కి, చివరిది మాత్రం అక్కను నొక్కమన్నాడు. నొక్కింది. ఈసారి ధన్యవాదాలు చెప్పలేదు. ఎవరికి చెప్పాలో తోచనట్టు తెర వైపు కాసేపు చూసి లేచింది.

ఆ వారం ముగిసేలోపే ధర దిగింది. కొంచెం కాదు, తమ్ముడు చెప్పిన మాటను అమ్మి ఉంటే చక్కగా షేర్లు చేతికొచ్చేంత దిగింది. ఆదివారం సాయంత్రం అతడు మెట్లెక్కి వచ్చాడు. ఫోనక్క మర్నాటి ఉద్యోగానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. అతడు చెప్పాలా వద్దా అని గుమ్మం పట్టుకుని తటపటాయించి, ఉండబట్టలేక చెప్పేశాడు.

"ఎంత?" అంది ఆమె తలెత్తకుండానే.

అతడు చెప్పాడు.

"దిగనీరా. ఎక్కితే నాకొచ్చేదీ లేదు, దిగితే పోయేదీ లేదు. ఆ పైయేడు దాకా నాకు ఉండటమే పని." చీర అంచు సరిచేసి, ఇస్త్రీపెట్టె మళ్ళీ ఆనించింది. "కాస్త తప్పుకో, వెలుతురుకు అడ్డంగా ఉన్నావు."